మొప్ప ఎత్తి చూసే మనిషి

నూకరత్నం మొప్ప ఎత్తి చూడకుండా చేప కొన్నది లేదు. ఫిషింగ్ హార్బర్‌లో ఇరవై రెండేళ్ళుగా వేలంలో చేపలు పాడుకుని, బుట్ట నెత్తిన పెట్టుకుని కాలనీల్లో అమ్మే మనిషి. చేప పైకి ఎంత నిగనిగలాడినా, అమ్మేవాడు ఎంత తెలిసినవాడైనా సరే, బొటనవేలితో మొప్ప ఎత్తాల్సిందే. లోపల ఎర్రగా ఉంటే బుట్టలోకి, నల్లబడితే తిరిగి వాడి ముందుకే. "ఐసు మీద పెడితే కుళ్ళిన సేప కూడా నవ్వుతాది" అంటుంది.

బైబిలు దగ్గర కూడా ఆమెది అదే పద్ధతి. చిక్కంతా అక్కడే వచ్చింది.

ఆమె చదువు నేర్చుకున్నది ముప్పై ఆరో ఏట. నేర్పింది మల్కాపురం రోజారమణి టీచరు. రిటైరయ్యాక బస్సెక్కి వచ్చి మరీ హార్బరు ఆడవాళ్ళకి అక్షరాలు దిద్దించిన మహాతల్లి. "మధ్యలోంచి ఒక ముక్క పీక్కుని నోట్లో వేసుకోకు రత్నం. పైన ఐదు వచనాలు, కింద ఐదు వచనాలు చదువు. అప్పుడే ఆ ముక్క నీది" అని చెప్పేది. టీచరు పోయి నాలుగేళ్ళయింది. పై ఐదూ కింద ఐదూ మాత్రం నూకరత్నాన్ని వదల్లేదు. బాప్తిస్మం నాడు పాస్టరు అయ్యగారు ఆమెకి నయోమి అని పేరు పెట్టాడు గానీ, ఆ పేరు రిజిస్టర్లో కూర్చుంది, మనిషి నూకరత్నంగానే ఉండిపోయింది.

హార్బరు వెనక వీధిలో వాళ్ళ రేకుల మందిరం. ప్రతి జనవరి ఒకటో తారీఖు పొద్దున అక్కడ వాగ్దానం కార్డులు తీస్తారు. స్టీలు గిన్నెలో రంగురంగుల కార్డులు, ఒక్కోదాని మీద ఒక్కో వాక్యం. కళ్ళు మూసుకుని తీసిన కార్డు ఆ ఏడాదంతా ఆ ఇంటికి దేవుడిచ్చిన మాట. ఫ్రేము కట్టించేవాళ్ళున్నారు, ఆటో అద్దం మీద రాయించేవాళ్ళున్నారు. ఈ జనవరిలో నూకరత్నానికి వచ్చిన కార్డు చాలా గొప్పది. నీ మొదలు కొంచెమే అయినా చివరికి నీకు బోలెడంత కలుగుతుందని దాని అర్థం. కిరాణా కొట్టు మొదలుకుని కల్యాణ మంటపం దాకా గోడల మీద కనబడే మాటే. పక్కావిడ కుళ్ళుకుంది కూడా. నూకరత్నం ఇంటికెళ్ళి యోబు గ్రంథం తీసింది. మొప్ప ఎత్తింది. ఆ మాట అన్నది దేవుడు కాదు, యోబు స్నేహితుడు. ఆ స్నేహితులు మాట్లాడింది సరి కాదని చివర్లో దేవుడే కోప్పడ్డాడు. మర్నాడు కార్డు పట్టుకెళ్ళి అయ్యగారికి ఆ సంగతి చెప్పింది.

పాస్టరు కొండలరావు చెడ్డవాడేం కాదు. వానలో కూడా సైకిలు మీద వచ్చి జబ్బుమనిషి మంచం పక్కన మోకరించేవాడు. కానీ వందమంది ఎదుట ఇచ్చిన కార్డుని ఒక చేపలావిడ వెనక్కి తెస్తే ఎవరికైనా కష్టమే. "వాక్యాన్ని విశ్వాసంతో తీసుకోవాలి సిస్టర్, బేరంతో కాదు" అన్నాడు. అప్పట్నుంచి ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని సంఘంలో ఆమెని చూసి నవ్వుకున్నారు. నవ్వుకుంటే నవ్వుకోనీ అనుకుంది. నవంబరు దాకా అది నవ్వుతోనే ఆగింది.

నవంబరు మూడో వారంలో సముద్రం మీద వాయుగుండం పుట్టింది. పోర్టులో ప్రమాద హెచ్చరిక జెండా ఎత్తారు. వేటకి ఎవరూ వెళ్ళొద్దని జీపులో మైకు పెట్టి తిరిగారు. దొరబాబు మాత్రం తన బోటుకి ఐసు ఎక్కించడం మొదలుపెట్టాడు. దొరబాబు సంఘపెద్ద, బోటు పేరు బేతెస్ద. గాలి మారే ముందు వంజరం చేప విరగబడుతుందని అతని లెక్క. దానికి తోడు అతని దగ్గర కార్డు ఉంది. నీళ్ళలోంచి దాటినా ఆ నీళ్ళు నిన్ను ముంచవు అనే వాగ్దానం. జనవరిలోనే దానికి ప్లాస్టిక్ అతికించి, బోటులో చుక్కాని చక్రం ఎదురుగా మేకు కొట్టి పెట్టాడు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం, ఇప్పుడు దేవుడి సంతకం కూడా ఉందాయె.

ఆ బోటులో ఎక్కే ఏడుగురిలో నూకరత్నం మొగుడు వరహాలు ఒకడు.

ఆ సాయంత్రం వరహాలు సంచి సర్దుకుంటుంటే ఆమె బైబిలు తెచ్చి వాడి ముందు పెట్టింది. వరహాలుకి చదువు రాదు. వల చూసి చిరుగెక్కడుందో చీకట్లో చెప్పగలడు గానీ, అక్షరం పోల్చలేడు.

"ఎల్లకు మావా. జెండా ఎత్తినారు."

"వాగ్దానం ఉందే. దొరబాబు బావ కార్డు సూడ్నేదేటి? అయ్యగారు కూడా రేప్పొద్దున వొచ్చి ప్రార్థన సేసి పంపుతారు."

"ఆ కార్డు మీదున్నది సగం సేప. తలా తోకా ఇందులో ఉన్నాయి, ఇను. సెరలో ఉన్న జనాన్ని ఇంటికి తెస్తానని దేవుడు సెప్పిన మాట ఇది. ఇంట్లో కూకున్నోణ్ణి నీళ్ళలోకి దూకమని సెప్పింది కాదు."

"నీకే తెలుసా అంతా? అయ్యగారికి తెల్దా?"

"గోపురం మీంచి దూకు, దూతలు పట్టుకుంటారని రాసుంది అని ఏసయ్యతో అన్నదెవులు? సైతాను. ఆడు కూడా వాక్యమే సెప్పినాడు. దేవుణ్ణి పరీక్షించొద్దని కూడా రాసుందని ఏసయ్య తిప్పికొట్టినాడు. నాను సెప్తన్నది అదే."

వరహాలు సంచి మూతి బిగించాడు. "దిగిపోతే నన్ను పిరికోడంటారు. విశ్వాసం నేనోడంటారు. నీకేటి, బుట్ట నెత్తిన పెట్టుకుని ఎల్లిపోతావు" అని అటు తిరిగి పడుకున్నాడు. నూకరత్నానికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మంట కింద భయం ఉంది. మొగుడు పోతాడన్న భయం. పోతే, దేవుడి పేరు చెప్పి పోతాడన్న భయం ఇంకా ఎక్కువగా ఉంది.

పొద్దున తొమ్మిది గంటలకి జెట్టీ మీద అయ్యగారు ప్రార్థన ముగించి ఆమెన్ అన్నాడు. కళ్ళు తెరిచేసరికి, బోటు తాడు చుట్టిన ఇనప దిమ్మ మీద నూకరత్నం కూర్చుని ఉంది. చంకలో చేపల బుట్ట, బుట్టలో గుడ్డ చుట్టిన బైబిలు.

"లే అక్కా, తాడిప్పాల" అన్నాడు బోటు మీది కలాసీ ఒకడు.

"ఇప్పరా. ముందు నన్ను లేపి ఇప్పు."

దొరబాబు పరుగున వచ్చాడు. "బయల్దేరే బోటుకి ఆడది అడ్డం కూకుంటాదేటే? శకునం సూసుకోవద్దేటి?" అన్నాడు. రక్షణ పొంది క్రైస్తవుడై పదేళ్ళయినా శకునాలు మాత్రం పాత ఇంట్లోంచి వెంట తెచ్చుకున్నాడు.

"నాను శకునం సెప్పడానికి రానేదు దొరబాబన్నా. వాక్యం సదవడానికొచ్చినాను. ఓడ మీద కథ. మీరందరూ ఓడ మనుసులే కదా, ఇనండి. అయ్యాక తాడు నానే ఇప్పుతాను."

అయ్యగారు ముందుకొచ్చాడు. "సిస్టర్, ఇది విశ్వాసానికి అడ్డుపడటం. తెలుసా?"

"వాక్యం సదువుతానంటే ఒద్దంటారా అయ్యగారూ?"

అయ్యగారు పక్కకి జరిగాడు. వద్దని ఏ పాస్టరు అనగలడు? నూకరత్నం గుడ్డ విప్పి, అపొస్తలుల కార్యముల్లో ఇరవై ఏడో అధ్యాయం తీసి, వేలు పెట్టి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ గట్టిగా చదవడం మొదలుపెట్టింది. పౌలు ఖైదీగా ఓడలో వెళ్తున్నాడు. గాలి మంచిది కాదు, వెళ్తే ఓడకీ ప్రాణాలకీ నష్టం, ఆగండని చెప్పాడు. అధికారి పౌలు మాట వినలేదు, నావికుడి మాటా, ఓడ యజమాని మాటా విన్నాడు. యజమాని అనే మాట దగ్గర ఆమె తల ఎత్తి ఎవర్నీ చూడలేదు. చూడక్కర్లేదు, కలాసీలే చూశారు.

మొదట విసుక్కున్నారు. తర్వాత ఒకడు అంచు మీద కూర్చున్నాడు. మెల్లటి గాలి చూసి మోసపోయి లంగరెత్తారని వినగానే బోటు నడిపే సరంగు తిరుమలరావు బీడీ పారేశాడు. అతను క్రైస్తవుడు కాదు, అప్పన్న భక్తుడు. సముద్రం మీద ముప్పై ఏళ్ళున్నవాడు. ఓడవాళ్ళు లోతు కొలిచి, రాళ్ళకి కొట్టుకుంటామని వెనక నుంచి నాలుగు లంగర్లు వేశారని ఆమె చదివితే, "ఎనక నుంచా? సరైన పనే సేసినారు" అని మెచ్చుకున్నాడు. "తర్వాతేటయింది సెప్పు సెల్లా."

"ఐసు కరిగిపోతంది!" అని దొరబాబు గింజుకున్నాడు. ఎవరూ కదల్లేదు.

"ఓడ ఇసక తిప్పకి గుద్దుకుని ముక్కలయిపోనాది" అంది నూకరత్నం.

"మనుసులో?"

అక్కడ పుస్తకం మూసేస్తే కథ ఆమె వైపే ఉంటుంది. మూయలేదు. కింద మిగిలిన వచనాలూ చదివింది. "ఒక్కడు కూడా సావనేదు. అందరూ గట్టెక్కినారు."

దొరబాబు చప్పట్లు కొట్టాడు. "అద్దీ! దేవుడున్నోళ్ళకి ఏటీ కాదని దాని నోటితోనే వొచ్చింది!"

"నా నోటితోనే వొచ్చింది. రాసుంది కాబట్టి సదివినాను. నాకు గిట్టింది మాత్రం ఉంచుకుని, గిట్టనిది దాసీడానికి ఇది నా ఇంటి సంత సీటీ కాదు. బతికిస్తానని దేవుడు మాటిచ్చినాడు, నిజమే. ఎప్పుడిచ్చినాడు? ఆళ్ళు గాలిలో సిక్కుకున్నాక. ఎల్లకముందు ఇచ్చిన మాట మరొకటుంది, ఎల్లొద్దు అని. దాన్ని సదవనోడు దీన్ని ఎలగ సదువుతాడు?"

తిరుమలరావు వెళ్ళి తన సంచి భుజాన వేసుకుని బోటు దిగాడు. "జెండా సూసే దిగాల్సినోణ్ణి. మీ పుస్తకం ఇని దిగుతన్నాను, ఏటనుకోకు దొరబాబూ" అన్నాడు. అతని వెనక మరో ముగ్గురు దిగారు. సరంగు లేని బోటు ఎక్కడికి పోతుంది? మిగతావాళ్ళూ దిగారు. చివరగా దిగింది వరహాలు. పెళ్ళాం పక్కనుంచే నడిచాడు గానీ, పెళ్ళాం వైపు చూడలేదు.

ఇంతా చేస్తే తుఫాను రాలేదు.

వాయుగుండం ఉత్తరానికి తిరిగి ఎటో పోయింది. విశాఖలో రెండు జల్లులు కురిసి, మూడో రోజుకి చురుక్కుమని ఎండ కాసింది. జెండాని లెక్కచెయ్యకుండా జారుకున్న వేరేవాళ్ళ బోట్లు రెండు వంజరంతో నిండి వచ్చాయి. ఇక హార్బర్లో నూకరత్నం పేరు తుఫానమ్మ. "తుఫానమ్మ వొస్తంది, గొడుగు తియ్యండిరోయ్" అని వేలం దగ్గర అరిచారు. ఆమె ఎప్పటిలాగే మొప్పలెత్తి చూసి, చేపలు కొనుక్కుని, "గొడుగు మడిసి సంకలో పెట్టుకోరా, మల్లీ వానొస్తాది" అని వెళ్ళిపోయేది. ఇంట్లో మాత్రం నోరు పెగిలేది కాదు. వరహాలు మాట్లాడటం మానేశాడు. కంచం పెడితే తినేవాడు, తీస్తే లేచేవాడు. అది పుండు మీద కారంలా ఉండేది.

శుక్రవారం అయ్యగారు ఇంటికొచ్చాడు. ఇచ్చిన మంచినీళ్ళు తాగి, నెమ్మదిగానే చెప్పాడు. "ఆదివారం ప్రభువు బల్ల. సాక్ష్యాల సమయంలో లేచి, అవిశ్వాసంతో దేవుని బిడ్డల్ని ఆపానని ఒప్పుకోండి సిస్టర్. ఒక్క మాట చాలు. లేకపోతే మీకు బల్ల రొట్టె ఇవ్వలేను. సంఘపెద్దలు తీర్మానం చేశారు."

ఆయన వెళ్ళాక ఆమె గుమ్మంలో కూర్చుని ఏడ్చింది. బాప్తిస్మం తీసుకున్ననాడు పుట్టింటివాళ్ళు తలుపు మూశారు. పదిహేనేళ్ళుగా ఆ రేకుల మందిరమే పుట్టిల్లు. తన చంటిబిడ్డ చనిపోయిన వారంలో కూడా బల్ల మానని మనిషి. ఒక్క మాట చాలన్నాడు. ఆ ఒక్క మాట అబద్ధం. అబద్ధం చెప్పి ఆ రొట్టె ఎలా మింగుతుంది?

ఆదివారం సాక్ష్యాల సమయంలో ఆమె లేచింది. మందిరమంతా చెవులు రిక్కించింది.

"తుఫాను రానేదు. దేవుడికి స్తోత్రం. ఎల్లిన బోట్లు తిరిగొచ్చినాయి, దానికీ స్తోత్రం. తుఫాను వొస్తాదని నాను సెప్పనేదు, నాను జ్యోతిషం సెప్పేదాన్ని కాదు. పరీక్షించొద్దని రాసుందని సెప్పినాను. ఎండ కాసినంత మాత్రాన ఆ అక్షరాలు సెరిగిపోనేదు. మల్లీ జెండా ఎత్తితే మల్లీ ఆ దిమ్మ మీదే కూకుంటాను. నాను ఒప్పుకునేది ఇదే" అని కూర్చుంది.

అయ్యగారి మొహం మాడిపోయింది. బల్ల దగ్గరికి వెళ్ళి, ఎప్పుడూ చదివే భాగమే చదివాడు. ప్రభువు అప్పగింపబడిన రాత్రి రొట్టె పట్టుకున్నాడని మొదలై, ఎవరిని వారు పరీక్షించుకుని తినాలనే చోట ముగిసే ఆ వచనాలు సంఘంలో చాలామందికి కంఠతా వచ్చు. తర్వాత రొట్టె ముక్కల పళ్ళెం తీసుకున్నాడు. అందరికీ అందాక ఒక్కసారే తినడం అక్కడి అలవాటు. మగవాళ్ళ చాపలు అయ్యాయి, ఆడవాళ్ళ చాపలకి వచ్చాడు. నూకరత్నం చేతులు చాపింది. పళ్ళెం ఆమె మీదుగా పక్కావిడ దగ్గరికి వెళ్ళింది.

ఖాళీ చేతులు ఆమె వెంటనే దించలేదు. చూసేవాళ్ళు చూడనీ అనుకుంది.

మగవాళ్ళ వైపు నుంచి ఎవరో దగ్గారు. వరహాలు లేచి నిలబడ్డాడు. జనం ముందు ఏనాడూ నోరెత్తని మనిషి. అరచేతిలో రొట్టె ముక్క అలాగే ఉంది.

"అయ్యగారూ, ఇందాక సదివినారు కదా. దానికి పైన ఐదు వచనాలు, కింద ఐదు వచనాలు కూడా సదవండి. నాకు సదువు రాదు. మాయావిడ సదివితే మీరు ఒప్పుకోరు."

"బ్రదర్, ఇప్పుడు కాదు..."

"వాక్యం సదవమంటే ఒద్దంటారా?"

అదే ప్రశ్న, జెట్టీ మీద విన్నదే. అయ్యగారు పళ్ళెం బల్ల మీద పెట్టి పుస్తకం తీశాడు. పైన ఉన్నవి ఎంత కాలమైందో ఆయన చదివి. మీరు కూడుకుని తినేది ప్రభువు భోజనం కాదు, ఎవరికి వారు ముందే తినేస్తున్నారు, ఒకడు ఆకలితో ఉండిపోతున్నాడు, సంఘాన్ని తక్కువ చేసి లేనివాళ్ళని సిగ్గుపరుస్తారా అని పౌలు దులిపేస్తున్నాడు. చదువుతూ చదువుతూ అయ్యగారి గొంతు తగ్గింది. నిత్యం చదివే మధ్య వచనాల్ని కూడా దాటి వెళ్ళాల్సి వచ్చింది. ఎవరిని వారు పరీక్షించుకోవాలనే చోట ఒక్కసారి ఆగి, మళ్ళీ సాగాడు. కిందికి దిగేసరికి ఇంకా కష్టమైంది. తినడానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండని అక్కడ ఉంది.

"మరి నాను ఆగుతాను అయ్యగారూ" అన్నాడు వరహాలు. చెయ్యి చాపి, రొట్టె ముక్క అందరికీ కనబడేలా పట్టుకుని కూర్చున్నాడు. పెళ్ళాం వైపు చూశాడు, పదిరోజుల తర్వాత.

ఎవరూ తినలేదు. నూకరత్నం పక్కావిడ తన ముక్కని చూసుకుని, పిడికిలి మూసుకుంది. దొరబాబు మాత్రం తొందరపడి ముందే నోట్లో వేసేసుకున్నాడు, ఇప్పుడు మింగలేక కక్కలేక బుగ్గన పెట్టుకుని నేల చూపులు చూస్తున్నాడు.

కొండలరావు పుస్తకం తెరిచే ఉంచాడు. తర్వాత పళ్ళెం రెండు చేతులా పట్టుకుని, ఆడవాళ్ళ చాపల మధ్యనుంచి నడిచి వచ్చి నూకరత్నం ముందు వంగాడు. ఆయన కళ్ళు తడిగా ఉన్నాయి. "తీసుకోండి సిస్టర్" అన్నాడు.

నూకరత్నం చెయ్యి ఒళ్ళోంచి కదల్లేదు.

"ఇంకో వచనం మిగిలిపోనాది అయ్యగారూ. అది కూడా సదివీండి."

ఆయన పళ్ళెం పట్టుకునే వెనక్కి వెళ్ళి, పుస్తకం మీదికి వంగి, ఆ అధ్యాయంలో మిగిలిన చివరి వచనం గట్టిగా చదివాడు. మీరు కూడి రావడం శిక్షకి దారి తీయకుండా, ఆకలైనవాడు ఇంట్లోనే తినాలి, మిగిలిన సంగతులు నేను వచ్చినప్పుడు చక్కబెడతాను అని అందులో ఉంది. మళ్ళీ వచ్చాడు. అప్పుడు ఆమె చెయ్యి చాపింది.